ఊపిరికి కాపలా

ముందే ఒక మాట చెప్పాలి. నేను డాక్టర్ని కాను. బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో చేరి, జీతాల బిల్లులూ పెన్షన్ కాగితాలూ సరిచూస్తూ 2018లో రిటైరైన మనిషిని. కాబట్టి ఇది వైద్య సలహా కాదు. నా ఒంటి మీద జరిగిన ఒక పనికి వోచర్లు వెతుక్కుంటూ పోతే దొరికిన చరిత్ర.

2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహరి చనిపోయారు. మనవాళ్లకి ఆయన ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో బాగా తెలుసు. నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఆయన మరణానికి కారణమని వైద్యులు చెప్పారు. ఆ వార్త చదివిన రోజే మా ఆవిడ "ఏమండీ, ముందు మీ గురక సంగతి చూపించుకోండి" అని పట్టుబట్టింది. పరీక్ష చేయించుకుంటే గంటకి 38 సార్లు నా శ్వాస ఆగుతోందో, సగానికి సగం పడిపోతోందో అని తేలింది. ముక్కుకి తగిలించుకునే సీప్యాప్ మిషను ఇచ్చారు. కొన్ని నెలలు ప్రయత్నించాను, నా వల్ల కాలేదు. చివరికి టాన్సిల్స్ తీసి, కొండనాలుకనీ మెత్తటి అంగిలినీ సరిచేసే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను.

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున్నే మా చెల్లెలు వచ్చి, నా తల నిమిరి, "అన్నయ్యా, రాత్రంతా సహస్రనామం చదువుతూనే ఉన్నాను. ఆ స్వామే నిన్ను కాపాడాడు" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకోసం నిద్ర మానుకున్న మనిషితో వాదించడానికి నాకు మనసు రాలేదు. పైగా గొంతు పెగలట్లేదు.

కానీ అలవాటు ఎక్కడికి పోతుంది? డిశ్చార్జి రోజున కేసు షీటు అడిగి తీసుకుని ఆ రాత్రి పేజీ చూశాను. సాయంత్రం 5 గంటలకి నన్ను వార్డుకి తెచ్చారు. 7 దాకా ప్రతి పావుగంటకీ ఒక ఎంట్రీ. 7 నుంచి 11 దాకా అరగంటకొకటి. 11 నుంచి పొద్దున 7 దాకా గంటకొకటి. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. ప్రతి ఎంట్రీలో నిమిషానికి ఎన్ని శ్వాసలు, రక్తంలో ఆక్సిజన్ శాతం, నాడి, బీపీ, మెలకువగా ఉన్నాడా లేదా అన్నది. కింద పొట్టి సంతకం. ఇవి కాక, షెడ్యూల్లో లేని ఇరవై అయిదో ఎంట్రీ ఒకటుంది. రాత్రి 2.40కి ఆక్సిజన్ 81కి పడిపోయింది. పేషెంటు వెల్లకిలా తిరిగి ఉన్నాడు. దవడ పైకెత్తి, పక్కకి తిప్పి, లేపితే 94కి వచ్చింది. డ్యూటీ డాక్టరుకి చెప్పడమైంది.

ఆ సంగతి నాకు తెలియదు. నేను నిద్రపోతున్నాను.

మా నాన్నగారు 61వ ఏట నిద్రలోనే పోయారు. ఆయన గురక వీధి అరుగు మీద పడుకున్నవాళ్లకి కూడా వినబడేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. "పుణ్యాత్ముడు, సునాయాసంగా పోయాడు" అంది ఊరంతా. ఆయన ఎందుకు పోయారో నాకు తెలియదు, ఎవరూ చూడలేదు. పుణ్యం అన్న మాట దొరికాక కారణం ఎవరికి కావాలి? ఆ 2.40 ఎంట్రీ చూసినప్పటి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇదే. నిద్రపోతున్న మనిషి ఊపిరికి కాపలా కాయాలని లోకానికి ఎప్పుడు తెలిసింది? ఎలా తెలిసింది?

గురకకి పెట్టిన పేర్లు

మన దగ్గర గురక పెట్టేవాడిని కుంభకర్ణుడు అంటాం. "హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు" అంటాం. గురక అంటే గాఢనిద్ర అని మన నుడికారమే మనకి నూరిపోసింది. ఇంగ్లండువాళ్లూ తక్కువ తినలేదు. 1836-37లో చార్లెస్ డికెన్స్ రాసిన ‘పిక్విక్ పేపర్స్’లో జో అనే లావుపాటి కుర్రాడు పని మధ్యలోనే నిద్రలోకి జారుకుంటాడు. పాఠకులు నూట ఇరవై ఏళ్లపాటు నవ్వుకున్నారు.

1956లో అమెరికాలో బర్వెల్ అనే వైద్యుడి బృందం ఒక పేషెంటు గురించి రాసింది. ఆయన వ్యాపారి. పేకాటలో మూడు ఆసులూ రెండు రాజులూ చేతికొచ్చినా పందెం పెంచలేకపోయాడు, ముక్కలు పట్టుకునే నిద్రపోయాడు. అప్పుడు భయపడి ఆసుపత్రికి వచ్చాడు. డికెన్స్ కుర్రాడిని గుర్తు చేసుకుని వాళ్లు దీనికి ‘పిక్వికియన్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. లావు వల్ల శ్వాస చాలక, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగి మగత వస్తోందని అనుకున్నారు. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ మనిషి నిద్రపోయినప్పుడు ఏం జరుగుతోందన్నది అప్పటికి బయటపడలేదు.

1965లో ఫ్రాన్స్‌లోని మార్సెయిల్‌లో గస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో అనే వైద్యులు ఎవరికి వారు ఆ పని చేశారు. రాత్రంతా మెదడు తరంగాలతో పాటు శ్వాసనీ కాగితం మీద గీయించారు. పేషెంటుకి నిద్రపట్టగానే శ్వాస ఆగుతోంది, మెదడు ఉలిక్కిపడి లేపుతోంది, మళ్లీ నిద్ర, మళ్లీ ఆగడం. రాత్రికి వందల సార్లు. పగటి నిద్రమత్తుకి కారణం సోమరితనం కాదు, రాత్రి నిద్రే లేకపోవడం. 1970ల్లో స్టాన్‌ఫర్డ్‌లో గిల్మినో బృందం దీనికి ఇప్పుడు మనం వాడే పేరు స్థిరపరిచింది. మనిషి పుట్టినప్పటి నుంచీ ఉన్న జబ్బుని చూడటానికి, పక్కన కూర్చుని ఒక రాత్రంతా లెక్క రాసేవాళ్లు కావలసి వచ్చారు.

కత్తి పట్టిన కథ

మొదటి శస్త్రచికిత్స మొరటుది. 1969లో కూలో, ఆయన సహచరులు మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం పెట్టారు. గొంతు మూసుకుపోయినా గాలి గొట్టంలోంచి పోతుంది. జబ్బు తగ్గింది. కానీ ఆ మనిషికి రోజూ గొట్టం శుభ్రం చేయాలి, కఫం లాగేయాలి, లోపలికి పోయే గాలికి తేమ ఉండేలా చూడాలి. ఆపరేషన్ అయిన కొత్తలో అతను మాట్లాడలేడు, అరవలేడు. గొట్టంలో కఫం అడ్డుపడితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. అందుకే చేతికందేలా గంట పెట్టేవారు, దగ్గర్లో నర్సు ఉండేది. సర్జన్ పని గంటలో అయిపోతుంది, నర్సు పని అప్పుడు మొదలవుతుంది. ఈ జబ్బుకి చేసే ఆపరేషన్లన్నిటిలోనూ ఇప్పటికీ ఇదే వరస.

జపాన్‌లో ఇకెమాత్సు అనే వైద్యుడు గురక కోసమే అంగిలికి ఆపరేషన్లు చేసి 1964లో ప్రచురించారు. ఆ దారిలోనే 1981లో అమెరికాలోని డెట్రాయిట్‌లో షిరో ఫుజితా బృందం స్లీప్ ఆప్నియాకి టాన్సిల్స్, కొండనాలుక, అంగిలి కలిపి సరిచేసే ఆపరేషన్‌ని ప్రచురించింది. నాకు జరిగింది దాని వారసత్వమే. విచిత్రంగా అదే 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కోలిన్ సలివన్ కత్తే అక్కర్లేని మార్గం చూపించారు. ముక్కులోంచి కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపితే గొంతు మూసుకుపోదని. అదే సీప్యాప్. ఈనాటికీ ఎక్కువమందికి మొదట చెప్పేది అదే. అది పట్టుకోలేని నాలాంటివాళ్లకే కత్తి. ఆ తర్వాత దవడ ఎముకలు ముందుకి జరిపే ఆపరేషన్లు వచ్చాయి. నాలుకని కదిలించే నరానికి విద్యుత్ ప్రేరణ ఇచ్చే పరికరాన్ని అమర్చడానికి 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది.

కత్తికి ఉన్న పరిమితి కూడా చెప్పాలి. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 1996లో లెక్క కడితే, అంగిలి ఆపరేషన్ నూటికి సుమారు 41 మందికే అనుకున్నంత ఫలితం ఇచ్చిందని తేలింది. వైద్యశాస్త్రం తన ఓటమిని తనే లెక్కగట్టి అచ్చువేసుకుంది. ఏ స్వామీజీ అయినా తన తాయెత్తుల గురించి ఇలాంటి లెక్క ప్రచురించడం నేను చూడలేదు.

ఆ రాత్రే ఎందుకు గండం?

ఆపరేషన్ అయిపోయింది కదా, జబ్బు పోయింది కదా అనుకుంటారు బంధువులు. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి మొదటి రాత్రులు ఆపరేషన్‌కి ముందుకంటే ప్రమాదం. కోసిన చోట వాపు వస్తుంది, ముందే ఇరుకైన గొంతు ఇంకా ఇరుకవుతుంది. మత్తు ప్రభావం పూర్తిగా దిగదు. నొప్పికిచ్చే నల్లమందు జాతి మందులు, మార్ఫిన్ లాంటివి, శ్వాసని మందగింపజేస్తాయి, పైగా ఉలిక్కిపడి లేచే శక్తిని తగ్గిస్తాయి. ఆప్నియా ఉన్నవాడిని ఇన్నాళ్లూ బతికించింది ఆ ఉలికిపాటే. మరో చిక్కు ఏమిటంటే, ఆపరేషన్ తర్వాత మొదటి రాత్రి కలల నిద్ర సరిగ్గా ఉండదు, రెండు మూడు రాత్రుల తర్వాత అప్పు తీర్చుకున్నట్టు అది ఎక్కువగా వస్తుంది. కలల నిద్రలో గొంతు కండరాలు మరీ వదులవుతాయి. "మొదటి రాత్రి గడిచింది, ఇక ఫర్వాలేదు" అనుకోవడం అందుకే పొరపాటు. ఇక టాన్సిల్స్ తీసిన చోట రక్తస్రావం మొదటి రోజే రావచ్చు, వారం పది రోజుల్లో పుండు పక్కు ఊడేటప్పుడూ రావచ్చు.

అయితే ఈ ప్రమాదం ఒక్క గురక ఆపరేషన్‌దే కాదు. మత్తుమందు పుట్టిన నాటి నుంచీ ఉన్నదే. అందుకే ఇక్కడ ఒకసారి వెనక్కి, మన హైదరాబాదుకి వెళ్లాలి.

అఫ్జల్‌గంజ్ చెప్పిన మాట

1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫామ్‌ని మత్తుమందుగా ప్రవేశపెట్టారు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి మత్తు తీసుకుని చనిపోయింది. క్లోరోఫామ్ చంపేది శ్వాస ఆపా, గుండె ఆపా? నలభై ఏళ్లు ఈ వాదన సాగింది.

నిజాం రాజ్యంలో రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఈ వాదన తేల్చడానికి 1888లో హైదరాబాదులో ఒక కమిషన్ ఏర్పాటు చేయించారు. ఫలితాన్ని లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీకు నమ్మకమున్న మనిషినే పంపండి అన్నారు. వాళ్లు లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన ఔషధ శాస్త్రజ్ఞుణ్ణి పంపారు. 1889లో రెండో కమిషన్ వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసింది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు వైద్యురాలిగా చాలామంది చెప్పే రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ రోజుల్లో హైదరాబాదులోనే లారీ దగ్గర పనిచేశారు.

కమిషన్ తేల్చింది ఇది: గుండె కంటే ముందు ఆగేది శ్వాస. మత్తు ఇచ్చేవాడి కన్ను నాడి మీద కాదు, ఊపిరి మీద ఉండాలి.

ఇందులో సగం తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదని పిల్లుల మీద చూపించారు. లారీ తన మాటని అతిగా నమ్మారు. కానీ మిగతా సగం నిలిచింది: మత్తులో ఉన్న మనిషి ఊపిరి మీంచి కన్ను తీయకూడదు. నాకు ఈ కథలో నచ్చేది ఇదే. డబ్బిచ్చిన నిజాం గొప్పవాడనీ లాన్సెట్ అచ్చువేసిందనీ ఆ మాటని పవిత్రం చేసి కూర్చోలేదు. మరొకడు పరీక్షించాడు, తప్పు కొట్టేశాడు, ఒప్పు ఉంచాడు. మా లెక్కల భాషలో సవరణ పద్దు.

ఆసుపత్రులు నేర్చుకున్న పాఠం

అయితే ఆపరేషన్ బల్ల మీద ఉన్నంతసేపే కాపలా చాలదు. బల్ల దించాక? ఫ్లోరెన్స్ నైటింగేల్ 1863 నాటి తన ఆసుపత్రుల పుస్తకంలోనే, కొన్ని చిన్న ఆసుపత్రుల్లో ఆపరేషన్ గది పక్కన రోగి తేరుకునే దాకా ఉంచే గది ఉంటుందని రాశారు. ఆవిడ మన దేశానికి ఎప్పుడూ రాలేదు. కానీ ఇక్కడి బ్రిటిష్ సైన్యంలో ఏటా వెయ్యికి 69 మంది చచ్చిపోతున్నారని, వాళ్లలో ఎక్కువమంది యుద్ధంలో కాక జబ్బులతో పోతున్నారని కాగితాల మీంచే పట్టుకున్న కమిషన్ వెనక ఉన్నది ఆవిడే. ఆవిడని దీపం పట్టుకున్న దేవతగా బొమ్మ గీస్తారు. నాకు మాత్రం పట్టికలు పట్టుకున్న ఆడిటరుగా కనిపిస్తారు. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆవిడే మరి. హైదరాబాదు మొదటి కమిషన్ కూర్చున్న 1888లోనే, మార్చి 28న, శిక్షణ పొందిన పదిమంది నర్సులు మన దేశపు సైనిక ఆసుపత్రుల కోసం బొంబాయిలో దిగారు. మన మిలిటరీ నర్సింగ్ సర్వీసు తన పుట్టుకని అక్కడి నుంచే లెక్కపెట్టుకుంటుంది.

1923లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ, మెదడు ఆపరేషన్ అయినవాళ్ల కోసం మూడు మంచాల ప్రత్యేక గది పెట్టి, రాత్రింబవళ్లు నర్సులని ఉంచారు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాళ్లు ఎక్కువ, నర్సులు తక్కువ. అందరినీ ఒకచోట చేర్చి చూడాల్సి వచ్చింది. 1947లో ఫిలడెల్ఫియాలో వైద్యులు పదకొండేళ్ల మరణాలని ఒక్కొక్కటే తీసి పరిశీలించారు. ఆపరేషన్ తర్వాత మొదటి 24 గంటల్లో జరిగిన మరణాల్లో దాదాపు సగం నివారించదగినవని తేలింది. నర్సింగ్ సరిగా ఉండి ఉంటే తప్పేవి వాటిలో చాలా ఉన్నాయి. విధిరాత అనుకున్నదాంట్లో సగం, సిబ్బంది కొరత. రికవరీ రూములు ఊరూరా లేచింది ఆ తర్వాతే.

1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో వచ్చి, శ్వాస కండరాలు చచ్చుబడ్డ పిల్లలు వరసగా చనిపోతుంటే, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు మెడలో గొట్టం పెట్టి, చేత్తో సంచి నొక్కి ఊపిరి పోయించారు. నొక్కడానికి సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా, రాత్రీ పగలూ కూర్చున్నారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఈనాటి ఐసీయూ అక్కడే పుట్టింది.

1970లో అల్‌డ్రేటే అనే వైద్యుడు రికవరీ రూములోంచి రోగిని ఎప్పుడు పంపవచ్చో పది మార్కుల పట్టిక ఇచ్చారు. 1974లో జపాన్‌లో తకువో అయోయాగి పల్స్ ఆక్సీమీటర్ సూత్రం కనిపెట్టారు. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలో బామ్మలు కూడా వేలికి క్లిప్పు పెట్టుకుని "తొంభై ఆరు ఉందిరా" అన్నారు కదా, అదే. ఆయన 2020 ఏప్రిల్‌లో, సరిగ్గా ఆ రోజుల్లోనే చనిపోయారు. 2006లో అమెరికా మత్తు వైద్యుల సంఘం, స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లని ఆపరేషన్ ముందూ తర్వాతా ఎలా చూడాలో ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇవన్నీ వచ్చాక కూడా ప్రాణాలు పోయాయి. టాన్సిల్స్ ఆపరేషన్ అయిన కొందరు పిల్లలు, వాళ్లలో చాలామంది ఆప్నియా ఉన్నవాళ్లే, నొప్పికి ఇచ్చిన కోడీన్‌తో చనిపోయారు. వాళ్ల శరీర తత్వం వల్ల కోడీన్ మరీ వేగంగా మార్ఫిన్‌గా మారిపోయింది. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఇలాంటి పిల్లలకి అది వాడొద్దని గట్టి హెచ్చరిక జారీ చేసింది. అదే ఏడాది డిసెంబరులో కాలిఫోర్నియాలో పదమూడేళ్ల బాలికకి స్లీప్ ఆప్నియా ఆపరేషన్ అయ్యాక రక్తస్రావమై గుండె ఆగింది. మెదడు మరణించిందని వైద్యులు ప్రకటించారు. కుటుంబం మతవిశ్వాసం కారణంగా ఒప్పుకోలేదు. మత అభ్యంతరాన్ని చట్టం గుర్తించే న్యూజెర్సీకి తీసుకెళ్లారు. 2018 దాకా యంత్రాల మీద ఉంచారు. ఆ తల్లిని నేను తప్పు పట్టను, బిడ్డని వదులుకోమని చెప్పడానికి నేనెవరిని? కానీ ఆ కేసు మీద నేను చదివిన వాదనల్లో ప్రార్థన గురించీ మరణ నిర్వచనం గురించీ పేజీలకి పేజీలు ఉన్నాయి. ఆపరేషన్ తర్వాతి కొన్ని గంటల గురించి కొన్ని వాక్యాలే.

నర్సు చేసే పని ఏమిటి?

నా దగ్గరికి వచ్చిన రాత్రి డ్యూటీ అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయేమో. తలవైపు మంచం ఎత్తింది. "అంకుల్, వెల్లకిలా వద్దు, పక్కకి తిరిగి పడుకోండి" అని ప్రతిసారీ చెప్పింది. వేలికి క్లిప్పు ఉన్నా, ప్రతిసారీ గడియారం చూస్తూ నా ఛాతీ కదలికలు లెక్కపెట్టింది. మిషను ఉందిగా అని తర్వాత ఒకసారి అడిగితే చెప్పింది. ఆక్సిజన్ పెట్టిన మనిషికి శ్వాస మందగించినా క్లిప్పులో అంకె చాలాసేపు బాగానే కనబడుతుందట. మిషను ఆలస్యంగా చెప్పేదాన్ని కన్ను ముందే పట్టుకుంటుంది.

మరొకటి చెప్పింది. నిద్రపోతున్న పేషెంటు మాటిమాటికీ గుటకలు వేస్తుంటే దాహం అనుకోకూడదు, లోపల రక్తం కారుతోందేమోనని టార్చి వేసి గొంతు చూడాలి. రక్తం బయటికి రాదు, కడుపులోకి పోతుంది. ఇది తెలియని బంధువు పక్కనే కూర్చుని, "పాపం, ఏదో కలలో తింటున్నాడు" అనుకుంటాడు.

అర్ధరాత్రి ముందు నొప్పికి నేను మూలుగుతుంటే మా బావమరిది ఆమె మీద కోప్పడ్డాడు. "మనిషి అల్లాడుతుంటే చూస్తూ నించుంటావేంటమ్మా? నిద్రపట్టే ఇంజెక్షన్ ఏదైనా ఇవ్వొచ్చుగా!" ఆమె గొంతు పెంచలేదు. "నొప్పికి మందు ఇచ్చాం సార్. నిద్రకి మాత్రం ఇవ్వను. డాక్టరుగారు రాయలేదు, రాసినా ఒకసారి అడిగే ఇస్తాను" అంది. ఇంతకు ముందు రాసిన చరిత్ర అంతా ఆ రెండు మాటల్లో ఉంది. హైదరాబాదు కుక్కలు, ఫిలడెల్ఫియా మరణాల రిజిస్టరు, కోడీన్‌కి బలైన పిల్లలు. ఆ అమ్మాయి ఇవన్నీ చదివిందో లేదో నాకు తెలియదు. చదవక్కర్లేదు. శాస్త్రం గొప్పతనం అదే. ఒకచోట చచ్చిపోయినవాళ్ల లెక్క, వందేళ్ల తర్వాత ఇంకోచోట ఒక పాతికేళ్ల అమ్మాయి చేతిలో అలవాటుగా మారి, నాలాంటివాణ్ణి బతికిస్తుంది.

జమ ఎవరి ఖాతాలో?

మా శాఖలో ఒక నియమం ఉండేది. ఖర్చు ఎక్కడ పడిందో, జమ అక్కడే చూపించాలి. మన ఇళ్లలో ఈ నియమం తలకిందులు. రోగి బతికితే జమ దేవుడికి, మిగిలింది సర్జన్‌కి. పోతే పద్దు ఆసుపత్రికి, ముఖ్యంగా ఎదురుగా దొరికే నర్సుకి. రాత్రంతా కాపలా కాసిన మనిషి పేరు జమవైపు ఎక్కడా కనబడదు.

ఆ మనిషికి దొరికేది ఏమిటో చూద్దాం. నర్సుల సంఘం వేసిన కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశిస్తే కేంద్రం ఒక నిపుణుల కమిటీ వేసింది. 200 మంచాలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని, 50 మంచాల లోపు ఉన్నవి కూడా నెలకి 20,000 రూపాయలకి తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు బాధ్యత రాష్ట్రాల మీద పడింది, సిఫారసు చాలాచోట్ల సిఫారసుగానే ఉండిపోయింది. సైన్యంలో ఇంకో కథ. పెళ్లి చేసుకుందన్న కారణంతో 1988లో ఒక మిలిటరీ నర్సింగ్ అధికారిణిని కొలువులోంచి తీసేశారు. ఆ నియమం ఏకపక్షమనీ స్త్రీల పట్ల వివక్ష అనీ 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి 60 లక్షల పరిహారం ఇవ్వమంది. న్యాయం రావడానికి ముప్పై ఆరేళ్లు. రక్షణ శాఖ లెక్కల్లో జీవితమంతా గడిపిన నేను, అలాంటి నియమం ఒకటి ఉండేదన్న సంగతి ఆ తీర్పు వార్తలోనే చదివాను. సిగ్గుగానే ఒప్పుకుంటున్నాను.

మొక్కులు మొక్కుకునే బంధువులని ఎగతాళి చేయడానికి ఇదంతా రాయలేదు. మా చెల్లెలి ప్రేమ నిజం, ఆ రాత్రి ఆవిడ మెలకువా నిజం. అదే మెలకువ నా ఛాతీ మీద పెట్టి, నిమిషానికి ఎన్ని శ్వాసలో లెక్కపెట్టి ఉంటే మూడో మనిషి కాపలా దొరికేది కదా అన్నదే నా బాధ. పదిమంది పేషెంట్లకి ఒక్క నర్సు ఉన్న వార్డులో అది చిన్న సాయం కాదు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే, ముహూర్తం అడిగే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. రాత్రి ఒక్కో నర్సుకి ఎన్ని మంచాలు? ఆక్సీమీటర్ రాత్రంతా ఉంచుతారా, మోగితే వినబడే దూరంలో ఎవరుంటారు? నొప్పికి ఏ మందు ఇస్తారు, అది శ్వాసని తగ్గిస్తుందా? ఇంట్లో వాడుతున్న సీప్యాప్ తెచ్చుకుంటే, అది ఎప్పటి నుంచి పెట్టవచ్చో ఎవరు చెబుతారు? వేరే ఏ ఆపరేషన్‌కి వెళ్తున్నా, గురక ఉందన్న సంగతి మత్తు డాక్టరుకి సిగ్గుపడకుండా చెప్పండి.

డిశ్చార్జి రోజున ఆ అమ్మాయికి థాంక్స్ చెబుదామని వెతికాను. రాత్రి డ్యూటీ దిగి వెళ్లిపోయిందన్నారు. వారం తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, మా చెల్లెల్ని కూడా తీసుకెళ్లి, వార్డులో ఆమెని పట్టుకున్నాను. కేసు షీటులో 2.40 ఎంట్రీ చెల్లెలికి చూపించాను. చాలాసేపు చూసింది. "అంటే అన్నయ్యా, ఆ టైముకి నేను సహస్రనామం మూడోసారి చదువుతున్నాను, పక్క గదిలో" అంది. తర్వాత ఆ అమ్మాయి చేతులు పట్టుకుని, "భోంచేశావా తల్లీ?" అని అడిగింది.